లోడు బండి మోస్తుంది... కిస్తీ ఎవరు మోయాలి?

జహీరాబాద్: అల్లం, ఆలుగడ్డ, చెరుకు, జామ పండే ఈ ప్రాంతంలో పంట తీయడం ఒక ఎత్తయితే, దాన్ని అంగడికి చేర్చడం మరో ఎత్తు. తవ్విన ఆలుగడ్డ చేనులోనే కుప్పగా పడి, కిరాయి బండి దొరకని రోజున "మనకే ఒక బండి ఉంటేనా" అనుకోని రైతు ఉండడు. చదువు ముగించి ఖాళీగా ఉన్న కొడుక్కి ఒక దారి చూపినట్టూ ఉంటుందని, ఎకరమో అరెకరమో అమ్మి డీజిల్ పికప్ వ్యాను కొనడానికి సిద్ధపడేవారూ ఉన్నారు. ఇంటి ముందు కొత్త బండి నిలబడితే ముచ్చటే. అయితే ఆ బండి ఇంటిని నిలబెడుతుందా, అప్పుల్లో దింపుతుందా అన్నది కొనక ముందే తేల్చుకోవాలి.

ఈ తరహా బళ్లు ఇక్కడివారికి కొత్త కాదు. 1980లలో హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్‌కు చెందిన నిస్సాన్ సహకారంతో తేలికపాటి ట్రక్కుల కర్మాగారాన్ని జహీరాబాద్‌లోనే పెట్టింది. తరువాత అది మహీంద్రా చేతికి వచ్చింది. ఆ దశాబ్దంలోనే వచ్చిన డీసీఎం టయోటా కంపెనీ పేరు ఎంతగా పాతుకుపోయిందంటే, ఏ కంపెనీ బండి అయినా ఆ సైజుదైతే మనవాళ్లు నేటికీ "డీసీఎం" అనే పిలుస్తారు. ఆ డీసీఎంకూ, ఊరి ట్రాలీ ఆటోకూ మధ్యన నిలిచేదే నేటి పికప్.

బలానికి లోటు లేదు

ఉదాహరణకు 2023 ఏప్రిల్‌లో విడుదలైన మహీంద్రా బొలెరో మ్యాక్స్ పికప్ బళ్లను చూద్దాం. నాలుగు సిలిండర్ల రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజను. రకాన్నిబట్టి 70 నుంచి 80 హార్స్‌పవర్ వరకు శక్తి. మోసే బరువు 1.3 టన్నుల నుంచి 2 టన్నుల వరకు. 50 కిలోల బస్తాల లెక్కన చూస్తే చిన్న రకంలో 26 బస్తాలు, పెద్ద రకంలో 40 బస్తాలు పడతాయి. పెద్ద రకం ట్రాలీ పొడవు సుమారు 10 అడుగులు. విడుదలైన నాడు షోరూం ధర రూ.7.85 లక్షల నుంచి మొదలైంది. టాటా ఇంట్రా, అశోక్ లేలాండ్ దోస్త్ కూడా ఇదే తరగతికి చెందినవి. ఇంట్రా వి30లో ఇంజను ఒకటిన్నర లీటర్లది. అది 1,300 కిలోలు మోస్తుంది.

పెద్ద ఇంజను వల్ల లాభం లోడు మీద తెలుస్తుంది. నల్లరేగడి బాట నుంచి నిండు లోడుతో తారు రోడ్డు ఎక్కేటప్పుడు, ఎత్తు మీద ఆగి మళ్లీ కదిలేటప్పుడు చిన్న ఇంజను ఆయాసపడుతుంది. పెద్దది మొదటి గేరులో నింపాదిగా లాగేస్తుంది. ఎప్పుడూ అరలోడుతో ఊరి చుట్టూ తిరిగే వాడికి ఆ బలంతో పని లేదు. దానికి ఇచ్చిన ధర, తాగిన డీజిలు దండగే.

ఊరిలో ఎట్లా ఉంటుంది?

ట్రాక్టరు ట్రాలీతో పోలిస్తే పికప్ హైవే మీద వేగంగా పోతుంది. తెల్లవారేలోపు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు చేరాలంటే ట్రాక్టరుతో అయ్యే పని కాదు. డీసీఎం కన్నా ట్రాలీ ఎత్తు తక్కువ కనుక ఇద్దరు మనుషులు చాలు లోడు ఎత్తడానికి. ఊరి సందుల్లో తిరుగుతుంది. కానీ వాన పడిన చేనులోకి దింపితే ట్రాక్టరే దిక్కు. వెనుక చక్రాలకే పట్టు కనుక, ఖాళీగా ఉన్నప్పుడు బురదలో అవి ఊరికే తిరుగుతాయి.

బరువు మోయడానికి వెనుక కమాన్ కట్టలు గట్టిగా పెడతారు. అందుకే ఖాళీ బండి గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది. లోడు పడితే కుదురుగా నడుస్తుంది. టమాటా, జామ వంటివి అరలోడుగా వేస్తే అడుగున ఉన్నవి నలుగుతాయి. డబ్బాల కింద వరిగడ్డి పరచడం, తాడు బిగించి కట్టడం అలవాటు చేసుకోవాలి.

మరో సంగతి పొగ గొట్టంలోది. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్లన్నీ బీఎస్-6 ప్రమాణానికి రావలసి వచ్చింది. చాలా డీజిల్ బళ్లలో మసిని పట్టే జల్లెడ వంటిది అమర్చారు. అందులో చేరిన మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు ఆగకుండా కొంత దూరం వేగంగా నడవాలి. రోజూ చేను నుంచి ఊరికి, ఊరి నుంచి కిరాణా కొట్టుకు రెండు మూడు కిలోమీటర్లే తిప్పితే ఆ జల్లెడ పూడుకుపోతుంది. హెచ్చరిక దీపం వెలిగినా పట్టించుకోకపోతే రిపేరు ఖర్చు పెద్దదవుతుంది. ఊళ్లోని పాత మెకానిక్ పానాలతో తీరే పని కాదు, కంప్యూటరు పెట్టి చూడాలి. కాబట్టి దూరం తిరగని వాడికి ఈ డీజిల్ బండి సరిపడదు. డబ్బాల్లో తెచ్చిన చౌక డీజిలు పోయడం అంతకన్నా ప్రమాదం.

అసలు లెక్క ఇది

2025 సెప్టెంబర్ 22 నుంచి సరుకు బళ్లపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ధర తగ్గిన మాట నిజమే. కానీ అప్పు అప్పే. రూ.8 లక్షలు పదిన్నర శాతం వడ్డీకి ఐదేళ్ల గడువుతో తీసుకుంటే నెల కిస్తీ సుమారు రూ.17,200 పడుతుంది. ఐదేళ్లకు కట్టేది దాదాపు రూ.10.32 లక్షలు.

నెలలో 20 రోజులు కిరాయి దొరికితే రోజుకు రూ.860 కిస్తీ కింద తీసి పెట్టాలి. 8 రోజులే దొరికితే రోజుకు రూ.2,150 తీయాలి. ఇక జహీరాబాద్ నుంచి బోయిన్‌పల్లికి పోను రాను సుమారు 200 కిలోమీటర్లు. లీటరుకు 12 కిలోమీటర్లు వచ్చిందనుకున్నా 17 లీటర్లు కావాలి, లీటరు రూ.95 లెక్కన రూ.1,615. అంటే కిస్తీ, డీజిలు కలిపి మొదటివాడికి ఒక ట్రిప్పుకు రూ.2,475, రెండోవాడికి రూ.3,765. కంకోల్ టోల్ గేటు, డ్రైవరు భత్యం, టైర్లు, బీమా, పన్ను, ఫిట్‌నెస్ వేరే. బండి అదే, ఇంజను అదే. తేడా అంతా కిరాయి దొరికిన రోజుల్లోనే ఉంది.

తిరుగు ప్రయాణంలో ఖాళీగా రావడం మరో నష్టం. ఎరువుల దుకాణం, కిరాణా, డ్రిప్పు పైపుల వ్యాపారి... వీరిలో ఇద్దరితోనైనా ముందే మాట్లాడుకుని హైదరాబాద్ నుంచి లోడు తెచ్చుకునేవాడే నిలబడతాడు. ఆలుగడ్డ, అల్లం సీజను రెండు మూడు నెలలే. మిగతా నెలల్లో బండి ఏం మోస్తుందన్న ప్రశ్నకు జవాబు లేని వారు కొనకపోవడమే మంచిది. కిస్తీలు తప్పితే ఫైనాన్సు వారు బండిని తీసుకుపోతారు. కట్టిన సొమ్ము వెనక్కి రాదు.

కాగితాల్లో చూడవలసినవి

బండి, లోడు కలిపిన మొత్తం బరువు ఆర్.సి.లో రాసి ఉంటుంది. అది 3,000 కిలోలు మించకపోతే మోటారు వాహనాల చట్టం కింద పర్మిట్ అక్కర్లేదు. మించితే కావాలి. ఈ తేడా చూసుకోకుండా పెద్ద రకం కొని తరువాత ఆఫీసుల చుట్టూ తిరగవద్దు. ఫిట్‌నెస్ పరీక్ష ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకు ఒకసారి, ఆ తరువాత ఏటా చేయించాలి.

లైసెన్సు విషయంలో ఒక ఊరట ఉంది. మొత్తం బరువు 7,500 కిలోల లోపున్న రవాణా బండిని మామూలు ఎల్.ఎం.వి. లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న తీర్పు చెప్పింది. ప్రమాదం జరిగితే కేవలం ఆ సాకుతో బీమా కంపెనీ తప్పుకోవడానికి వీలులేదు.

ఓవర్‌లోడు మాత్రం కొంప ముంచే వ్యవహారం. 2019లో సవరించిన చట్టం ప్రకారం జరిమానా రూ.20,000, ఆపైన అదనపు టన్నుకు రూ.2,000. ఒక ట్రిప్పులో పది బస్తాలు ఎక్కువ వేసి మిగిల్చేది ఎంత? జరిమానా పక్కన పెట్టినా, బరువు పెరిగితే బ్రేకు వేసిన తరువాత బండి ఆగే దూరం పెరుగుతుంది. టైరు పేలేదీ, కమాను విరిగేదీ ఆ బరువుకే. కాంటా మీద తూచి బయలుదేరితే పోయేది పది నిమిషాలే.

అన్నిటికన్నా ముఖ్యం మనుషుల సంగతి. పత్తి ఏరడానికి కూలీలను, పెళ్లికి చుట్టాలను ఈ బళ్ల వెనుక ఎక్కించడం ప్రతి ఊళ్లో చూస్తున్నాం. సరుకు బండికి చేసిన బీమా సరుకు యజమానికి, లేదా సరుకుతో వచ్చిన అతని మనిషికి వర్తిస్తుంది. ఊరికే ఎక్కిన ప్రయాణికులకు వర్తించదని సుప్రీంకోర్టు రెండు దశాబ్దాల కిందటే తేల్చింది. బండి బోల్తా పడితే పోయిన ప్రాణాలకు నష్టపరిహారం యజమాని మెడకు చుట్టుకుంటుంది. బండితోపాటు ఉన్న భూమీ పోతుంది. "మన వాళ్లే కదా, కాదంటే ఏమనుకుంటారో" అన్న మొగమాటం ఇక్కడ పనికిరాదు.

ఎవరు కొనవచ్చు?

నెలకు 18, 20 రోజుల కిరాయి ఖాయంగా ఉన్నవారు, ఇంట్లోనే డ్రైవరు ఉన్నవారు, ధరలో కనీసం మూడో వంతు అప్పు లేకుండా పెట్టగలిగినవారు పికప్ కొనవచ్చు. ఏడాదిలో రెండు నెలలే సరుకు ఉన్న రైతుకు కిరాయి బండే మేలు. నలుగురు రైతులు కలిసి ఒకే రోజు కోతలు పెట్టుకుని ఒకే బండిలో పంపితే కిరాయి నాలుగు పాళ్లవుతుంది. అప్పు ఎవరి మెడకూ చుట్టుకోదు. దగ్గరలో సీఎన్‌జీ బంకు ఉన్నవారు ఆ రకాన్నీ అడిగి చూడాలి.

షోరూంకు వెళ్లక ముందు గత ఏడాది తన సరుకు, పక్క పొలాల సరుకు ఎన్ని ట్రిప్పులు పోయిందో ఒక కాగితం మీద రాసుకోవాలి. వాటిని పన్నెండు నెలలకు పంచి చూడాలి. నెలకు ఎనిమిది దగ్గరే ఆగితే అడ్వాన్సు కట్టకుండా ఇంటికి తిరిగి రావడం మంచిది.