మందు మానవలెనా?

ఒక గ్రామమున పదేండ్ల బాలికకు క్షయవ్యాధి సోకెను. వైద్యుడు పరీక్షించి, ఆరు నెలలు విడువక వాడవలసిన మందుల నిచ్చెను. మాత్రలు మ్రింగిన మొదటి దినముననే ఆమె మూత్రము నారింజపండు వన్నె దాల్చెను. తల్లి అది రక్తమని తలచి, భయపడి మందు మాన్పించెను. ఇరుగుపొరుగువారును మానుటయే మేలనిరి.

రెండు దినములు గడచిన పిమ్మట తల్లి వైద్యుని యొద్దకు పోయి, “అయ్యా! ఈ మందు బిడ్డకు పడలేదు” అని కన్నీరు పెట్టుకొనెను.

“అమ్మా! అది రక్తము కాదు. ఈ మాత్రలలో రిఫాంపిసిన్ అను మందు కలదు. దాని రంగే మూత్రమునకును, చెమటకును, కన్నీటికిని పట్టును. దానివలన కీడు లేదు. ఈ సంగతి ముందుగా చెప్పకుండుట నా పొరపాటు. మందు మానుటయే కీడు” అని వైద్యుడు ఓదార్చెను. బాలిక నాటినుండి మరల మందు వాడసాగెను.

మందు నడుమ మానినచో కీడేమి? మందు తగులగానే సూక్ష్మజీవులలో బలహీనమైనవి ముందుగా నశించును. మొండివి కొన్నాళ్లు నిలుచును. అపుడు మందు మానినచో అవియే పెరిగి, ఆ మందునకు లొంగకుండ పోవచ్చును. 1928లో పెన్సిలిన్‌ను కనుగొనిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్, 1945లో తన నోబెల్ ఉపన్యాసమున, చాలీచాలని మోతాదు వాడుటవలన ఇట్టి ప్రమాదము కలదని హెచ్చరించెను.

అట్లని మందువలన కలుగు మార్పులన్నియు నిరపాయములు కావు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున పరిశోధనాధ్యక్షుడుగా నుండగా, అచట బెంజమిన్ డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను మందును సాధించెను. అది 1948లో లోకమునకు వెల్లడి యయ్యెను. ఎందరి ప్రాణములనో నిలిపిన ఈ జాతి మందులే, దంతము లేర్పడు వయసున వాడినచో వానికి చెరగని పసుపువన్నె కలిగించునని తరువాత తెలిసెను. కావున ఎనిమిదేండ్లలోపు పిల్లలకు వీనిని సాధారణముగా నీయరు.

ఈ మందులు వాడునపుడు కొందరు పిల్లలకు విరేచనములగును. ప్రేవులలో మనకు మేలుచేయు సూక్ష్మజీవులును రోగజీవులతోపాటు నశించుటయే ఇందుకు ముఖ్యకారణము. మరికొందరికి ఒంటిపై ఎఱ్ఱని దద్దురులు లేచును. అవి మందు పడకపోవుటవలన కావచ్చును, రోగమువలననే కావచ్చును. తేల్చవలసినవాడు వైద్యుడు. కావున తరువాతి మోతాదునకు ముందే ఆయనకు తెలుపవలెను. పెదవులు, ముఖము వాచినను, ఊపిరి ఆడకున్నను, స్పృహ తప్పినను క్షణమైనను జాగుచేయరాదు. మందు నాపి వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. కన్నులు పచ్చబడినను, విరేచనమున రక్తము కనబడినను ఆనాడే వైద్యునికి చూపవలెను.

మందు పుచ్చుకొనిన వేళ, మార్పు కనబడిన వేళ ఒక కాగితముపై వ్రాసి యుంచుట మంచిది. చదువుకొను బాలబాలికలు ఇంటిలోని వారికి ఈ సాయము సులభముగా చేయగలరు. భయము మందును మాన్పించును. అలక్ష్యము ప్రమాదమును దాచును. గమనించి, వైద్యుని అడిగి తెలిసికొనుటయే ఈ రెండింటికిని విరుగుడు.