ప్రథమ ముద్రణము



తాళపత్ర ప్రతి యనిన మనము చేతులు మోడ్చుదుము. తండ్రితాతలు కొనిన నవలను మాత్రము తూకమునకు వేయుదుము. ఈ రెండవ పని యెంత పొరపాటో నేను స్వానుభవమున నేర్చితిని.

సికింద్రాబాదులోని మా బోయిగూడ కలప అడితీలకును, పాతసామానుల గిడ్డంగులకును పేరొందిన పేట. సుమారు ముప్పది యేండ్ల క్రిందట ఇల్లు సర్దుచు, మా నాయనగారి పుస్తకములను గోనెసంచిలో కట్టి పాతకాగితములవాని కిచ్చివేసితిని. అందు త్రిపురనేని గోపీచందుగారి ‘అసమర్థుని జీవయాత్ర’ 1947 నాటి ప్రతి యుండెను. క్రొత్త ముద్రణము నాయొద్ద నున్నది గదా యని నా ధీమా. కథానాయకుడు సీతారామారావు తన్ను తాను ప్రశ్నించుకొను చోటులనెల్ల మా నాయనగారు అంచులయందు పెన్సిలుతో ప్రతివాదములు వ్రాసియుండిరి. క్రొత్త పుస్తకమున కథ మిగిలినది. మా నాయనగారి వాదము పోయినది.

అప్పటినుండి తత్త్వచింతనగల తెనుగు నవలల తొలి ప్రతులను వెదకి దాచుట నాకు వ్రతమైనది. విశ్వనాథ సత్యనారాయణగారు 1934లో రచించిన ‘వేయిపడగలు’ ధర్మము సడలుటను గూర్చిన మహావిచారము. దానికిని, అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’నకును ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానమును పంచి యిచ్చెను. బుచ్చిబాబుగారి ‘చివరకు మిగిలేది’ 1946లో ‘నవోదయ’ పత్రికలో వెలువడి, 1952లో గ్రంథరూపము దాల్చెను.

క్రొత్త ముద్రణము లుండగా పాతవి యేల యని మీ రడుగవచ్చును. కావ్యమునకు పాఠాంతరము లున్నట్లే నవలకును ఉండవచ్చును. పత్రికనుండి పుస్తకమునకు, ఒక ముద్రణమునుండి మరియొకదానికి వచ్చునప్పుడు రచయిత మాట మార్చవచ్చును. అక్షరములు కూర్చువాడు పొరబడవచ్చును. సాధారణ కథలో ఒక మాట జారినను కథ నడచును. ఆత్మను, ధర్మమును, సంశయమును విచారించు గ్రంథములో ఒక్క మాటతో సిద్ధాంతమే మారును. సందేహము కలిగినపుడు తొలి ప్రతియే సాక్షి.

దానిని గుర్తించుట కష్టము కాదు. ముఖపత్రము వెనుక ముద్రణసంఖ్య, సంవత్సరము, ముద్రాక్షరశాల పేరు, ఒక్కొక్కప్పుడు ప్రతుల సంఖ్యయు నుండును. సంవత్సరము లేనిచో వెల చూడుడు. దశాంశ నాణెములు 1957 ఏప్రిలు 1వ తేదీన వచ్చినవి గనుక, అణాలలో వెల యున్న పుస్తకము సాధారణముగ అంతకు పూర్వపుది.

చినిగిన పుటలకు జిగురుపట్టీ లంటింపవలదు. వాని జిగురు కాగితమును మరక చేయును. క్రొత్త అట్ట కట్టించునపుడు పాత అట్టను పారవేయవలదు, అదియు గ్రంథభాగమే. ఎండయు చెమ్మయు తగులని చోట నుంచి, చెదలు పట్టకుండ అప్పుడప్పుడు తీసి చూచుచుండుడు.

ఇంట దాచలేనివారు గ్రంథాలయముల నాశ్రయింపవచ్చును. హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, వేటపాలెమున 1918లో సారస్వత నికేతనమును మన పెద్దలు నెలకొల్పినది పుస్తకములు నిలుచుటకే గదా!

మీ అటకమీద ఏ పెట్టెలో ఏ ప్రతి యున్నదో మీరే యెరుగుదురు. తక్కెడలో వేయుటకు ముందు ముఖపత్రము నొకసారి త్రిప్పి చూడుడు. అంచులను గూడ చూడుడు. అచ్చట మీ తండ్రిగారి చేవ్రాత యుండవచ్చును.