ఉగ్గాని రుచి పొయ్యి దగ్గరే

కర్నూలు నుంచి కోడుమూరు మీదుగా ఎమ్మిగనూరు వైపు వెళ్లే దారిలో పొద్దున్నే చిన్న హోటళ్లలో దొరికేది ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. పక్కనున్న బళ్లారిలో దీన్నే మండక్కి ఒగ్గరణె అంటారు. కన్నడంలో ఒగ్గరణె అంటే తాలింపు. మన మాటకూ దానికీ చుట్టరికం ఉన్నట్టే ఉంది. ఈ వంటకం పెద్ద కంపెనీల చేతికి చిక్కకపోవడానికి కారణం దాని తయారీలోనే ఉంది. బొరుగులను నీళ్లలో వేసి వెంటనే పిండేయాలి, కాస్త ఆలస్యమైతే ముద్దవుతాయి. ఆవాలు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, పసుపు వేగిన తాలింపులో కలిపి, దించే ముందు పుట్నాల పొడి చల్లుతారు. ఆ పొడి తడిని పీల్చుకుని బొరుగులను విడివిడిగా నిలుపుతుంది. ఎక్కడో వండి, డబ్బాలో పెట్టి పంపితే ఆ పొడితనం ఉండదు. వండేవాళ్లకూ తినేవాళ్లకూ మధ్య నాలుగడుగులే ఉండాలి.

జపాన్‌లోని ససెబోలోనూ ఇదే సంగతి. 1950 ప్రాంతంలో అమెరికా నౌకాదళం వల్ల అక్కడికి బర్గర్ వచ్చింది. ఇప్పటికీ చిన్న దుకాణాలు అడిగాకే వండి ఇస్తాయి, నగరమే వాటికి గుర్తింపు ఇస్తోంది.

చైన్ హోటల్లో శుభ్రత ఉంటుంది, రుచి మారదు అంటారు. శుభ్రత మాట నిజమే. బజ్జీల నూనెను మళ్లీ మళ్లీ మరిగించడం తప్పే, దాన్ని తనిఖీతో సరిదిద్దాలి. రుచి మారడం మాత్రం తప్పు కాదు. ఒక హోటల్లో కారం ఎక్కువ, ఇంకో చోట నిమ్మరసం ఎక్కువ. ఎవరికి నచ్చిన చోటికి వాళ్లు వెళ్తారు.