మీకు తెలుసా? మాట్లాడకపోవడానికీ లెక్కలున్నాయి!

● భద్రాచలం పేరు చెప్పగానే గుర్తొచ్చే రామదాసు కీర్తనల్లో బాగా పేరున్న ఒకటి, అచ్చంగా మౌనం మీద ఫిర్యాదు! రాముడు తనతో ఒక్క మాటైనా పలకడం లేదని నేలకొండపల్లి గోపన్న, అంటే మన రామదాసే, పడ్డ అలక అది. ఆనందభైరవిలో మీరూ వినే ఉంటారు.

● మీరు అడిగిన ప్రశ్నకూ ఎదుటివాళ్ల జవాబుకూ మధ్య సందు ఎంతుంటుందో చెప్పండి చూద్దాం! సగటున సెకనులో అయిదో వంతు. చిత్రమేమిటంటే, నోటి దాకా ఒక్క మాట రావాలంటేనే మెదడుకు అర సెకను పైన పడుతుంది. అంటే మీరింకా మాట్లాడుతుండగానే అవతలివాళ్లు జవాబు సిద్ధం చేసేసుకుంటున్నారన్నమాట. ఇక పూర్తిగా వింటున్నది ఎవరండీ?

● ఆ సందును పది భాషల్లో కొలిచి 2009లో అచ్చేశారు. సెకనును వెయ్యి ముక్కలు చేస్తే జపాన్ వాళ్ల సందు 7 ముక్కలు, డెన్మార్క్ వాళ్లది 469! ఆ పదింటిలో తెలుగు లేదు. ఖమ్మం బస్టాండు టీకొట్టు దగ్గర కొలవబోతే అసలు సందంటూ దొరుకుతుందా అని నా అనుమానం.

● అంత తొందరపడే జపాన్ వాళ్లే వ్యాపార సమావేశంలో 8.2 సెకన్లు ఎవరూ నోరు మెదపకపోయినా నిబ్బరంగా కూర్చున్నారట! అదే లెక్కలో అమెరికా వాళ్లది 4.6 సెకన్లే.

● కోయ మాట్లాడేవాళ్లు 2011 జనాభా లెక్కల ప్రకారం 4 లక్షల పైచిలుకు. ఇంట్లో కోయ తప్ప వినని పిల్ల బడిలో చేరిందనుకోండి. టీచరు తెలుగులో అడిగింది ముందు కోయలోకి తిప్పుకోవాలి, జవాబు వెతుక్కోవాలి, దాన్ని మళ్లీ తెలుగులోకి తేవాలి. పిల్ల పెదవులు అప్పుడే కదలబోతుంటాయి... ఇంతలో "సరే, పక్కనున్నవాడు చెప్పు!" మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లోనే తరగతి పాఠాలను టేపులు పెట్టి మరీ విన్నారు. టీచర్లు ప్రశ్న వేశాక ఆగేది సుమారు ఒక్క సెకను. మూడు సెకన్లు ఆగి చూస్తే జవాబులు మూడు రెట్లకు పైగా పొడుగయ్యాయి! పైసా ఖర్చు లేని సంస్కరణ, కేవలం రెండు సెకన్లు.

● కథ చెప్పే అమ్మమ్మను నోరెత్తకుండా ఆపాలంటే ఏం చేయాలి? "ఊ" కొట్టడం మానేస్తే చాలు! వెంటనే "నిద్రపోయావట్రా?" అని రాజకుమారుణ్ణి అడవిలోనే వదిలేస్తుంది.

● తమిళనాడు కొండల్లోని పళియర్ల గురించి పీటర్ గార్డ్‌నర్ అనే మానవశాస్త్రవేత్త 1966లో ఒక వింత రాశాడు: వాళ్లసలే తక్కువ మాట్లాడతారు, నలభై ఏళ్లు వచ్చేసరికి దాదాపు మౌనులైపోతారట! మన దగ్గర నలభై దాటాకే కదా సలహాలు మొదలయ్యేది.

● ఏజెన్సీ సంతలో ఇప్పపూవు కొన్నా, చింతపండు కొన్నా బేరం చెవులు హోరెత్తాల్సిందే. కానీ మాటే లేని బేరాలూ ఉండేవి! సుమారు 1,600 ఏళ్ల కిందట సింహళం వెళ్లిన చైనా యాత్రికుడు ఫాహియాన్, పూర్వం అక్కడి భూతాలు, నాగులు కంటపడకుండానే ధర గుర్తుతో సరుకు పెట్టేవారని, వర్తకులు ఆ ధర చెల్లించి తీసుకుపోయేవారని విన్నది రాసిపెట్టాడు.

● మౌనం అర్ధాంగీకారం అంటాం కదా, చట్టం కొన్నిచోట్ల దాన్ని పలికిన మాటతో సమానం చేసేసింది! 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఒక గుర్రం ఉదాహరణ ఉంది: "నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటా" అని కొనేవాడు అంటే, అమ్మేవాడు గుడ్లప్పగించి ఊరుకున్నా నోరు తెరిచి చెప్పినట్టే.

● మాట్లాడకుండా ఉండడం కూడా వాక్‌స్వాతంత్ర్యమే! కేరళలో ముగ్గురు పిల్లలు జాతీయగీతానికి మర్యాదగా లేచి నిలబడ్డారు, తమ మత విశ్వాసం వల్ల పాడలేదు. బడి నుంచి పంపేశారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్లను మళ్లీ చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగువారు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి.

● గోదావరి ఒడ్డున కొవ్వూరు దాకా వచ్చి భక్తులకు దర్శనమిచ్చిన మెహెర్ బాబా 1925 జూలై 10న మౌనం పట్టి, 1969లో కన్నుమూసేదాకా విడవలేదు. నలభై మూడున్నరేళ్లు! అక్షరాల పలక మీద వేలు పెట్టి చూపిస్తూ సంభాషించేవారు; 1954లో దాన్నీ వదిలేసి సైగలతో సరిపెట్టుకున్నారు.

● ఏళ్ల తరబడి భర్త పేరు నోట రానివ్వని అవ్వలు మీ ఇంట్లోనూ ఉన్నారా? విచిత్రం చూడండి, కొత్త కోడలు గడప దాటాలంటే మాత్రం ఆడపడుచులు అడ్డం నిలబడి అదే పేరు గట్టిగా చెప్పించేదాకా వదలరు!

● సెల్‌ఫోనులో ఎవరూ మాట్లాడనప్పుడు వినిపించే సన్నని రొద అవతలి ఇంటిది కాకపోవచ్చు, తెలుసా? మాట ఆగినప్పుడు బ్యాటరీ ఆదా కోసం అవతలి ఫోను దాదాపు ఏమీ పంపదు. చెవిలో నిశ్శబ్దమైపోతే లైను తెగిందనుకుంటామని మన ఫోనే ఆ రొదను పుట్టించి వినిపిస్తుంది! చర్ల వైపు గుట్టెక్కి "హలో... హలో... ఉన్నావా?" అని అరిచేవాళ్లంతా గమనించాలి. రొద వస్తూనే ఉండి ఇంటావిడ గొంతు మాత్రం రావడం లేదంటే, తప్పు సిగ్నల్‌ది కాకపోవచ్చు!