సైప్రస్ తీరంలో చల్లగాలిని నమ్మొద్దు

అమ్మానాన్నలనూ పిల్లలనూ వెంటబెట్టుకుని విదేశీ విహారానికి వెళ్లే కుటుంబాలు ఇప్పుడు మనలోనూ ఉన్నాయి. మధ్యధరా సముద్రంలోని సైప్రస్ దీవిలో అలాంటి విహారానికి పేరున్న ఊరు అయియా నాపా. ఒకప్పుడు జాలర్ల పల్లె. ఇప్పుడు నిస్సీ బీచ్, కేప్ గ్రేకో సముద్ర గుహల కోసం పర్యాటకులు వస్తుంటారు.

జూలై, ఆగస్టుల్లో ఆ తీరంలో పగటి ఉష్ణోగ్రత సుమారు 32, 33 డిగ్రీలు. రెంటచింతల, రామగుండం ఎండలు తెలిసిన మనకు ‘ఇదీ ఒక ఎండేనా’ అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే. మన ఊళ్లో మధ్యాహ్నం తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చునే పెద్దలు అక్కడ గంటల తరబడి ఇసుకలో ఉండిపోతారు.

చర్మం కమిలేది వేడికి కాదు

చర్మాన్ని దెబ్బతీసేవి అతినీలలోహిత కిరణాలు. గాలి చల్లగా ఉన్నా వాటి తీవ్రత తగ్గదు. ఇసుక, నీళ్లు వాటిని తిరిగి మన మీదికే పంపుతాయి. చామనఛాయ ఉన్నవారి చర్మమూ కమిలిపోతుంది. ఉదయం 11 నుంచి 4 గంటల వరకు నీడపట్టున ఉండండి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ రాసుకోండి.

మందులు వాడే పెద్దల విషయంలో

సముద్రపు గాలికి చెమట వెంటనే ఆరిపోతుంది. ఒంట్లో నీరు పోతున్న సంగతే తెలియదు. పైగా వయసు మీద పడినవారికి దాహం అంతగా తెలియదు. బీపీకి మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు, షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడుతుంటే నీరు మరింత పోతుంది. లేచి నిలబడగానే కళ్లు తిరగడం, మూత్రం ముదురు పసుపుగా, తక్కువగా రావడం తొలి హెచ్చరికలు. ప్రయాణానికి ముందే డాక్టర్‌ను కలిసి, వాంతులు, విరేచనాలైతే ఏ మాత్ర ఆపాలో అడిగి రాయించుకోండి. సొంతంగా మానేయొద్దు. గుండె, కిడ్నీ జబ్బులున్నవారు ఎంత నీరు తాగాలో కూడా తెలుసుకోవాలి.

వేసవిలో సైప్రస్ సమయం మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి భోజనాలూ ఆలస్యమే. గ్లిమెపిరైడ్ లేదా ఇన్సులిన్ తీసుకుని భోజనం కోసం ఎదురుచూస్తే షుగర్ పడిపోవచ్చు. భోజనం ముందుకొచ్చాకే మందు తీసుకోండి. జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి. ఇన్సులిన్‌ను చేతి సంచిలోనే పెట్టుకోవాలి. ఇసుకలోనో, ఎండలో నిలిపిన కారులోనో వదిలేస్తే అది పాడైపోతుంది.

పళ్లెంలో చూసుకోవాల్సినవి

హలూమీ జున్నులో ఉప్పు ఎక్కువ. బీపీ ఉన్నవారు ఒకట్రెండు ముక్కలతో ఆపాలి. జీ6పీడీ లోపం ఉన్నవారు మాత్రం ఫావా చిక్కుడు గింజలను అసలు ముట్టుకోకూడదు. అక్కడ వాటిని ‘కుకియా’ అంటారు. తిన్నాక మూత్రం కోలా రంగులో వచ్చినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

నీళ్లలో దిగే ముందు

ఎర్రజెండా ఉంటే దిగొద్దు. లోతు తక్కువే కదా అని పిల్లలను వదిలేయకండి. చేతికందే దూరంలో పెద్దవాళ్లుండాలి. కేప్ గ్రేకో రాళ్ల మీది నుంచి దూకేవారిని చూసి మీరూ దూకొద్దు. మెడ ఎముక విరిగితే కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. జెల్లీఫిష్ తగిలితే రుద్దకుండా సముద్రపు నీటితోనే కడగాలి.

ఇలా అయితే ఆలస్యం వద్దు

ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషి అయోమయంగా ఉంటే అది వడదెబ్బ. చెమట పడుతున్నా సరే, కాదనుకోవద్దు. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ 112కు ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. పారాసిటమాల్‌తో ఈ వేడి దిగదు. అంబులెన్స్ వచ్చేదాకా ఒంటిని చల్లబరుస్తూనే ఉండాలి. ప్రాణం నిలిపేది ఆ చల్లదనమే.