మీకు తెలుసా? లంకకు దారి నెట్ సెంటర్ మీదుగా!

వెలిగండ్ల నుంచి కనిగిరి, పామూరు మీదుగా నెల్లూరు పోయి, అక్కడి నుంచి చెన్నై చేరేసరికి ఓ పూట గడిచిపోతుంది. చెన్నైలో విమానం ఎక్కితే కొలంబో గంటన్నర లోపే. ఆ గంటన్నర ప్రయాణానికి అనుమతి మాత్రం బయల్దేరకముందే చేతిలో ఉండాలి. దాని పేరు ఈటీఏ, ఎలక్ట్రానిక్ ట్రావెల్ ఆథరైజేషన్. శ్రీలంక ఈ పద్ధతిని 2012 జనవరి 1 నుంచి పెట్టింది. కనిగిరి నెట్ సెంటర్‌లోనో, ఇంట్లో ఫోన్‌లోనో దరఖాస్తు నింపితే ఆమోదం ఈమెయిల్‌కి వస్తుంది. అది లేకుండా వెళ్తే చెన్నైలోనే విమాన సంస్థ కౌంటర్ దగ్గర ఆపేయొచ్చు. కాగితాలు సరిగా లేని మనిషిని తీసుకెళ్తే తిప్పి తీసుకురావాల్సిన పూచీ విమాన సంస్థదే మరి. కొలంబోలో దిగాక తీసుకునే కౌంటర్ ఉన్న రోజులూ ఉన్నాయి గానీ, అక్కడ రుసుము ఎక్కువ. దాన్ని నమ్ముకుని బయల్దేరడం తెలివైన పని కాదు.

ఇంకోమాట. ఈటీఏ వచ్చినంత మాత్రాన ప్రవేశం ఖాయమైనట్టు కాదు. ఆఖరి మాట అక్కడి ఇమిగ్రేషన్ అధికారిదే. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువుండాలి, తిరుగు టికెట్ చూపాలి, ఖర్చులకు డబ్బుందని అడిగితే చెప్పగలగాలి. మామూలుగా మొదట ఇచ్చేది 30 రోజులు.

ఇంటిపేరు దగ్గరే చిక్కు

ఆధార్‌లో చాలామందికి ఇంటిపేరు ఒక్క అక్షరమే. పాస్‌పోర్టులో ఆ పొడి అక్షరాన్ని విడదీసి పూర్తిగా రాస్తారు. నెట్ సెంటర్ కుర్రాడు అలవాటుగా ఆధార్ చూసి పేరు కొట్టేస్తే ఈటీఏ మీద ఒక పేరు, పాస్‌పోర్టు మీద ఇంకో పేరు అవుతుంది. దేన్ని చూసి నింపాలన్న అనుమానం వస్తే పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ అడుగున చూడండి. అక్కడ రెండు వరుసలుంటాయి, ఒక్కో వరుసలో సరిగ్గా 44 గుర్తులు. పై వరుసలో దేశం తర్వాత ముందు ఇంటిపేరు, ఆపైన జంటగా బాణం మొనల గుర్తులు, తర్వాత అసలు పేరు. కంప్యూటర్ చదివేది దాన్నే. మన తెలుగువాళ్లు ఇంటిపేరు ముందు రాసుకునే పద్ధతీ, ఈ వరుసా ఒకటే కావడం కాకతాళీయం అనుకోండి.

కింది వరుస మొదట్లో పాస్‌పోర్టు నంబరు ఉంటుంది. మన దేశపు నంబరులో ముందు ఒక ఇంగ్లిష్ అక్షరం, తర్వాత ఏడు అంకెలు. కాబట్టి మధ్యలో గుండ్రంగా కనబడేది ఎప్పుడూ సున్నాయే, ‘ఓ’ అక్షరం కానే కాదు. దాని పక్కన ఒక తనిఖీ అంకె కూడా ఉంటుంది. నంబరులోని ఒక్కో స్థానాన్ని వరసగా 7, 3, 1తో గుణించి, కూడి, పదితో భాగిస్తే మిగిలే శేషం అది. ఎక్కడైనా ఒక్క అంకె తప్పు పడితే ఈ లెక్క కుదరదు, యంత్రం పట్టేస్తుంది. ఫారం నింపే చెయ్యికి మాత్రం ఆ కాపలా లేదు. అందుకే సబ్మిట్ నొక్కేముందు వేలు పెట్టి ఒక్కో అంకే చదువుకోవాలి.

ఈమెయిల్ గడిలో కూడా జాగ్రత్త. నెట్ సెంటర్ వాళ్లు తమ సొంత ఈమెయిల్ కొట్టడం మామూలే. ఆమోదం వాళ్లకు వస్తుంది, మీరు చెన్నై బస్సులో ఉంటారు.

అసలు కంటే కొసరే ఎక్కువ

శ్రీలంక ప్రభుత్వ సైట్ చిరునామా చివర ‘గవ్ డాట్ ఎల్‌కే’ అని ఉంటుంది. గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనలుగా వచ్చే వాటిలో అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు ఉంటాయి. అవి మీ వివరాలు తీసుకుని, అదే ప్రభుత్వ ఫారం నింపిపెట్టి, రుసుముకు రెండింతలో మూడింతలో లాగుతాయి. సార్క్ దేశాల వాళ్లకు శ్రీలంక రుసుమే తక్కువ, 12 ఏళ్లలోపు పిల్లలకు అసలు ఉండదు. ఆ తగ్గింపు ఇలాంటి సైట్లలో మీదాకా రాదు.

2023 చివర్లో ‘శ్రీలంక వీసా ఉచితం’ అని పేపర్లలో చదివే ఉంటారు. భారత్, చైనా, రష్యా సహా ఏడు దేశాల వాళ్లకు రుసుము తీసేశారు. తీసేసింది డబ్బును, దరఖాస్తును కాదు. ఉచిత ఈటీఏ కూడా ముందే తీసుకోవాల్సిందే. ఆ తర్వాతి ఏడాది కథ ఇంకా మలుపులు తిరిగింది. 2024 ఏప్రిల్‌లో ఈ పనంతా విదేశీ ప్రైవేటు సంస్థల చేతికి పోయింది, ఖర్చు పెరిగిందని అక్కడే గోల లేచింది, ఆగస్టులో శ్రీలంక సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది, పాత ఈటీఏ మళ్లీ వచ్చింది. ఒక్క ఏడాదిలో ఇన్ని మార్పులొస్తే పోయినేడు వెళ్లొచ్చిన బంధువు చెప్పిన మాట ఈ ఏడు పనికి రాకపోవచ్చు. బయల్దేరే వారం ముందు ప్రభుత్వ సైట్ తెరిచి చూసుకోవడమే మేలు.

మట్టి మీద ముద్ర

అనుమతి కాగితం లంకకు కొత్త కాదు. 1659 నవంబరులో మచిలీపట్నం రేవులో లంగరు వేసిన ‘ఆన్’ అనే ఇంగ్లిష్ ఓడ పెద్ద తుపానులో చిక్కి స్తంభం పోగొట్టుకుంది. బాగు చేయించుకోవడానికి లంక తూర్పు తీరానికి వెళ్తే, అక్కడ కాండీ రాజు మనుషులు కొందరిని పట్టుకున్నారు. వాళ్లలో రాబర్ట్ నాక్స్ అనే కుర్రవాడు దాదాపు ఇరవై ఏళ్లు ఆ రాజ్యంలో బందీగా బతికి, 1679లో తప్పించుకుని, 1681లో లండన్‌లో పుస్తకం అచ్చువేశాడు.

అందులో కాండీ రాజ్యపు దారుల సంగతి ఉంది. కొండ దారుల్లో ముళ్ల కంపతో గేట్లు కట్టి కాపలా పెట్టేవారట. రాజ దర్బారులో ఇచ్చిన ముద్ర చూపితేనే దాటనిచ్చేది. ఆ ముద్ర కాగితం మీద కాదు, మట్టి మీద! మనిషి చేసే పనిని బట్టి బొమ్మ మారేది. సైనికుడికి భుజాన ఈటె పెట్టుకున్న మనిషి బొమ్మ. కూలివాడికి భుజం మీద కర్ర, దాని రెండు కొసలా రెండు మూటలు వేలాడుతున్న మనిషి బొమ్మ. మన మాటలో చెప్తే కావడి. చదువు రాని కాపలావాడు కూడా క్షణంలో పోల్చుకోగలడు. కావడి ముద్ర పట్టుకుని ఈటెతో వచ్చినవాడు దొరికిపోతాడు. నన్నడిగితే ఇవాళ్టి వీసా ఫారాల్లో వృత్తి అడిగే గడికి ముత్తాత ఈ మట్టి బిళ్లే.

ఆ కాండీ గద్దె 1739లో మదురై వైపు నుంచి వెళ్లిన తెలుగు మూలాల నాయక వంశానికి దక్కింది. ఆఖరి రాజు శ్రీ విక్రమ రాజసింహను 1815లో ఇంగ్లిష్ వాళ్లు దింపేసి, మరుసటి ఏడు ఓడెక్కించి వేలూరు కోటకు తెచ్చారు. 1832లో అక్కడే పోయాడు. ఇవాళ్టికీ లంకలో తెలుగు వినాలంటే రాజుల కోటల్లో కాదు, పాములాడించే అహికుంటికుల ఊళ్లలో వినాలి. వాళ్ల ఇంటి భాష తెలుగు.

మారిషస్ టికెట్టు

గుర్తింపు ముద్రల కథ ఇంకో దీవిలోనూ ఉంది. 1834 నుంచి మారిషస్‌కు మన దేశపు కూలీలను ఒప్పందాల మీద తీసుకెళ్లారు. కోరంగి రేవు నుంచి వెళ్లిన తెలుగువాళ్లకు అక్కడ ‘కోరంగీలు’ అనే పేరు పడింది. దిగగానే ప్రతి మనిషికీ ఒక నంబరు. 1867లో చేసిన కార్మిక చట్టంతో, ఒప్పందం ముగిసిన పాత కూలీలు కూడా ఫొటో అంటించిన టికెట్టు వెంట ఉంచుకోవాల్సి వచ్చింది. అది లేకుండా పక్క ఊళ్లో కనబడితే దేశదిమ్మరి కింద పట్టుకునేవారు. ఫొటో గుర్తింపు కార్డు మొదట బలవంతంగా మోసినవాళ్లలో మన కూలీలున్నారన్నమాట. ఆ ఫొటోలూ రిజిస్టర్లూ మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. అణచడానికి తీసిన ఫొటోల్లోనే ఇప్పటి మనవళ్లు తాతల మొహాలు వెతుక్కుంటున్నారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిందీ అక్కడే. ఇవాళ భారత పర్యాటకులకు మారిషస్‌లో దిగాకే వీసా ఇస్తారు. ముందుగా ఆన్‌లైన్ ఫారం ఒకటి నింపాలంతే.

చకచకా కొన్ని

మాల్దీవులకు వెళ్లే మన పర్యాటకులకు ముందస్తు వీసా అక్కర్లేదు. దిగడానికి 96 గంటల లోపు ‘ఇముగా’ అనే ప్రకటన ఆన్‌లైన్‌లో నింపాలి, అది ఉచితం. దానికి ఉత్తరాన ఉన్న లక్షద్వీప్ మన దేశమే, అయినా 1967 నిబంధనల ప్రకారం మనం అక్కడ అడుగుపెట్టాలంటే అనుమతి పత్రం కావాలి. పరాయి దేశానికి లేని పర్మిట్ సొంత దీవులకు! అక్కడి గిరిజన జనాభా రక్షణకే ఆ నియమం, అందులో న్యాయముంది.

సీషెల్స్‌కు ఏ దేశం వాళ్లకూ వీసా వద్దు. కాకపోతే ఆన్‌లైన్ ట్రావెల్ ఆథరైజేషన్ కావాలి, దానికి రుసుమూ ఉంది. పేరు మారింది, బిల్లు వచ్చింది.

ఈటీఏ అనే ఆలోచనకు పుట్టిల్లు ఆస్ట్రేలియా, 1996లో. భారత పాస్‌పోర్టుకు మాత్రం ఆ సౌకర్యం లేదు, విజిటర్ వీసాయే గతి. బ్రిటన్‌దీ అదే తీరు. 2025 జనవరి 8 నుంచి అమెరికా పాస్‌పోర్టు వాళ్లకూ అక్కడ ఈటీఏ కావాలి. అమెరికాలో పుట్టిన మనవడికి ఫోన్‌లో ఈటీఏ, వాడితో లండన్ చూడబోయే తాతకు వీసా సెంటర్‌లో వేలిముద్రలు. ఒకే ఇంట్లో రెండు క్యూలు.

బహ్రెయిన్ కూడా దీవులే

వాన మొహం చాటేసిన ఏడు పని వెతుక్కుంటూ ఊరొదిలే వాళ్లు ఇది కాస్త నిదానంగా చదవాలి. బహ్రెయిన్ విజిట్ వీసా ఆన్‌లైన్‌లో వస్తుంది. ఏజెంటు దాన్ని చూపించి ‘ముందు వెళ్లు, పని వీసా అక్కడ మార్పిస్తా’ అంటే అక్కడే ఆగండి. పది పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు సాధారణంగా ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కోవలో ఉంటుంది. వాళ్లు గల్ఫ్‌కు ఉద్యోగానికి పోవాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద మన ప్రభుత్వం క్లియరెన్స్ ఇవ్వాలి. ‘ఈ-మైగ్రేట్’ అనే ప్రభుత్వ సైట్‌లో నమోదయ్యే ఆ క్లియరెన్స్‌తో పాటే ప్రవాసీ భారతీయ బీమా, రాతపూర్వక ఒప్పందం ఉంటాయి. విజిట్ వీసా మీద దొంగదారిన పోయినవాడికి ఇవేవీ ఉండవు, జీతం ఎగ్గొడితే చూపించే కాగితం ఉండదు. లైసెన్సున్న ఏజెంటు సేవా రుసుముగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. ఆ ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ సైట్‌లోనే పేరు కొట్టి చూడొచ్చు, పైసా ఖర్చు లేదు.