టెస్టోస్టిరాన్ రిపోర్టులో ‘టోటల్’ తక్కువుందా..? కంగారొద్దు.. రక్తంలో ఈ హార్మోన్ ప్రయాణం తెలిస్తే అసలు లెక్క అర్థమవుతుంది!

హైదరాబాద్ పాతబస్తీకి కసరత్తు కొత్తేం కాదు. బార్కాస్ పహిల్వాన్ల పేరు, తాలీమ్‌ఖానాల పేరు ఊరంతా తెలుసు. ఇప్పుడు వాటి పక్కనే గల్లీకో జిమ్ వచ్చింది. దాంతో పాటు కొత్త అలవాటు కూడా వచ్చింది. కొంచెం నీరసంగా ఉంటే చాలు.. కుర్రాళ్లు నేరుగా ల్యాబ్‌కి వెళ్లి టెస్టోస్టిరాన్ టెస్ట్ చేయించుకుంటున్నారు. నంబర్ కాస్త తక్కువ కనిపిస్తే చాలు, ‘ఒక కోర్సు కొట్టెయ్ భాయ్’ అని ఇంజెక్షన్ సలహా ఇచ్చేవాళ్లు రెడీగా ఉంటారు. అసలు ఆ రిపోర్టులోని నంబర్ ఏం చెబుతుంది? ఏం చెప్పదు? తెలుసుకుందాం..

నిహారీ గిన్నెలో నూనె లాంటిది..

టెస్టోస్టిరాన్, ఈస్ట్రోజన్, కార్టిసాల్.. ఇవన్నీ స్టెరాయిడ్ హార్మోన్లే. మన శరీరం వీటిని కొలెస్ట్రాల్ నుంచి తయారు చేసుకుంటుంది. అంటే ఇవి కొవ్వు జాతికి చెందినవి. నీళ్లలో సరిగ్గా కరగవు. రక్తంలో ఎక్కువ భాగం నీరే కదా! పొద్దున్నే నిహారీ గిన్నెలో నూనె పైకి తేలినట్టే.. ఈ హార్మోన్లు కూడా రక్తంలో సొంతంగా తిరగలేవు. అందుకే వీటిని మోసుకెళ్లే ప్రోటీన్లు కావాలి.

మగవారిలో టెస్టోస్టిరాన్‌ను ముఖ్యంగా రెండు ప్రోటీన్లు మోస్తాయి. ఒకటి లివర్‌లో తయారయ్యే ఎస్‌హెచ్‌బీజీ. ఇది హార్మోన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, ఓ పట్టాన వదలదు. రెండోది ఆల్బుమిన్. ఇది వదులుగా పట్టుకుంటుంది, అవసరమైన చోట తేలిగ్గా వదిలేస్తుంది. మొత్తం టెస్టోస్టిరాన్‌లో దాదాపు 98 శాతం ఈ రెండింటి మీదే ఉంటుంది. దేనికీ అంటుకోకుండా స్వేచ్ఛగా తిరిగేది 2 శాతం మాత్రమే. దీన్నే ‘ఫ్రీ టెస్టోస్టిరాన్’ అంటారు.

చార్మినార్ దగ్గర బస్సు దిగాల్సిందే!

ఇంకా సింపుల్‌గా చెప్పాలంటే.. చార్మినార్ చుట్టూ వాహనాలను రానివ్వరు. బస్సులో వచ్చినా, ఆటోలో వచ్చినా.. దిగి నడిచి వెళ్తేనే లాడ్ బజార్‌లో గాజులు కొనగలం. హార్మోన్ కూడా అంతే. ఎస్‌హెచ్‌బీజీ అంటే డోర్లు మూసిన బస్సు. ఆల్బుమిన్ అంటే చెయ్యి ఊపితే ఆగే షేర్ ఆటో. కణం లోపలికి వెళ్లి పని చేయాలంటే మాత్రం హార్మోన్ కిందకు దిగి నడవాల్సిందే.

ఇప్పుడు అసలు పాయింట్. ల్యాబ్‌లో చేసే ‘టోటల్ టెస్టోస్టిరాన్’ టెస్ట్ బస్సులో ఉన్నవాళ్లను, ఆటోలో ఉన్నవాళ్లను, నడిచేవాళ్లను.. అందరినీ కలిపి లెక్కపెడుతుంది. బజార్‌లోకి ఎంతమంది వెళ్లారో చెప్పదు.

బరువు పెరిగితే లెక్క మారుతుంది..

ఊబకాయం, టైప్-2 షుగర్ ఉన్నవారిలో ఎస్‌హెచ్‌బీజీ తగ్గుతుంది. బస్సులే తగ్గితే టోటల్ నంబర్ కూడా తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ ఫ్రీ టెస్టోస్టిరాన్ నార్మల్‌గానే ఉండొచ్చు. అలాంటి మనిషికి ఇంజెక్షన్ అక్కర్లేదు, బరువు తగ్గడమే ముందు మందు. దీనికి రివర్స్‌లో.. వయసు పైబడినవారిలో, థైరాయిడ్ ఎక్కువైనవారిలో, లివర్ సిరోసిస్ ఉన్నవారిలో ఎస్‌హెచ్‌బీజీ పెరుగుతుంది. అప్పుడు టోటల్ బాగానే కనిపించినా ఫ్రీ హార్మోన్ తక్కువగా ఉండొచ్చు. అంటే ఒక్క నంబర్ చూసి డిసైడ్ అయితే రెండు వైపులా మోసపోతాం.

మగ పందిలో కథే వేరు..

ఈ హార్మోన్ రవాణా అన్ని జీవుల్లో ఒకేలా ఉండదు. మగ పందినే తీసుకోండి. దాని వృషణాల్లో టెస్టోస్టిరాన్‌తో పాటు ఈస్ట్రోజన్లు కూడా భారీగా తయారవుతాయి. కానీ మనిషికి ఉన్నట్టు ఎస్‌హెచ్‌బీజీ బస్సు దానికి లేదు. మోసే పని ప్రధానంగా ఆల్బుమిన్‌దే. కొన్ని హార్మోన్లకు సల్ఫేట్ అంటుకుంటుంది. అలా అంటుకున్న హార్మోన్ నీటిలో బాగా కరిగి రక్తంలో సులువుగా తిరుగుతుంది.

మగ పందిలో ఆండ్రోస్టినోన్ అనే మరో స్టెరాయిడ్ కూడా తయారవుతుంది. రక్తం ద్వారా వెళ్లి కొవ్వులో పేరుకుంటుంది. మాంసం వండేటప్పుడు వచ్చే ఘాటు వాసనకు ఇదే కారణమని 1968లో గుర్తించారు. చాలా దేశాల్లో మగ పంది పిల్లలకు చిన్నప్పుడే వృషణాలు తీసేయడానికి ఇదే ముఖ్య కారణం. స్ట్రెస్ హార్మోన్ కార్టిసాల్‌ను మోసేందుకు మాత్రం పందిలోనూ, మనిషిలోనూ సీబీజీ అనే ప్రత్యేక ప్రోటీన్ ఉంది. పందుల్లో ఈ ప్రోటీన్ జన్యువులోని తేడాలకు, కార్టిసాల్ స్థాయికి, ఒంట్లో కొవ్వుకు సంబంధం ఉందని ఫ్రాన్స్ పరిశోధకులు 2004లో చెప్పారు. అంటే మోసే ప్రోటీన్ వట్టి కూలీ కాదు.. హార్మోన్ ఎంత పని చేయాలో కూడా అదే తేలుస్తోందన్నమాట.

ఇది మనకెందుకు అంటారా? ‘టెస్టోస్టిరాన్ బూస్టర్’ డబ్బాల ప్రచారంలో ఎలుకల మీద చేసిన ప్రయోగాలను గొప్పగా చూపిస్తుంటారు. పెద్ద ఎలుక లివర్ కూడా ఎస్‌హెచ్‌బీజీ తయారు చేయదు. కాబట్టి ఎలుకలో పెరిగిన నంబర్ మనిషిలోనూ అలాగే పెరుగుతుందని నమ్మడానికి లేదు.

సూది వేస్తే ఏమవుతుంది?

బయటి నుంచి స్టెరాయిడ్ ఎక్కితే మెదడు ‘ఇక చాలు’ అనుకుంటుంది. వృషణాలకు వెళ్లే సిగ్నల్ ఆగిపోతుంది. సొంత ఉత్పత్తి పడిపోతుంది, వీర్యకణాలు తగ్గుతాయి, వృషణాలు కుంచించుకుపోతాయి. పిల్లలు పుట్టడం కష్టం కావొచ్చు. మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, రక్తం చిక్కబడుతుంది. గుండెకు ముప్పు పెరుగుతుంది. ఆపేశాక కోలుకోవడానికి నెలలు పట్టొచ్చు.

ఇంకో విషయం.. హైదరాబాద్‌లో పోలీసులు పలుమార్లు పట్టుకున్న మెఫెంటర్మిన్ ఇంజెక్షన్ అసలు స్టెరాయిడే కాదు. ఆపరేషన్ సమయంలో బీపీ పడిపోతే పెంచడానికి డాక్టర్లు వాడే మందు అది. కండలకు దానితో సంబంధం లేదు, గుండెకు మాత్రం ప్రమాదం.

టెస్ట్ చేయించుకునే ముందు..

* ఉదయం పూట, పరగడుపున ఇవ్వాలి. సాయంత్రానికి టెస్టోస్టిరాన్ సహజంగానే తగ్గుతుంది.
* ఒక్కసారి తక్కువ వస్తే తేల్చేయకూడదు. మరో రోజు మళ్లీ చేయించాలి.
* టోటల్ బోర్డర్‌లో ఉన్నా, ఊబకాయం, షుగర్, థైరాయిడ్, లివర్ సమస్య ఉన్నా.. ఎస్‌హెచ్‌బీజీ, ఆల్బుమిన్ కూడా చూపించి ఫ్రీ టెస్టోస్టిరాన్ లెక్కించమని డాక్టర్‌ని అడగాలి.
* రిపోర్ట్ చూపించాల్సింది జిమ్ ట్రైనర్‌కి కాదు.. ఎండోక్రైనాలజిస్ట్‌కి. మూసీ ఒడ్డున ఉన్న ఉస్మానియా ఆసుపత్రిలోనే ఈ విభాగం ఉంది.

గమనిక: ఈ కథనం అవగాహన కోసమే. మందులు, పరీక్షల విషయంలో డాక్టర్ సలహా తప్పనిసరి.